క్రిమి ఎక్కడుందో ముందు అడగండి

(వైద్య విద్యార్థుల ప్రశ్నలు - జవాబులు. ఈసారి ఇమ్యునాలజీ మీద వచ్చిన ప్రశ్నలకు, ప్రభుత్వ వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ బోధించి రిటైరైన ప్రొఫెసర్ జవాబులు రాశారు.)

ప్రశ్న: ఇమ్యునాలజీ మొదలైన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్ మేడమ్. సి.డి. నంబర్లు, ఇంటర్‌ల్యూకిన్ నంబర్లు, టి.హెచ్.1, టి.హెచ్.2... రాత్రి బట్టీ పడితే పొద్దున్నకి ఒక్కటీ గుర్తుండటం లేదు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?
*- ఎం.బి.బి.ఎస్. రెండో సంవత్సరం విద్యార్థిని, కర్నూలు*

జవాబు: బట్టీ పట్టడం ఆపమ్మా. పట్టికలన్నీ కాసేపు పక్కన పెట్టు. ఏ జబ్బు చదువుతున్నా ముందు ఒకే ప్రశ్న వేసుకో: ఈ క్రిమి ఒంట్లో ఎక్కడుంది? కణాల బయట, రక్తంలోనో కణజాల ద్రవంలోనో తిరుగుతోందా? కణం లోపలికి దూరిందా? దూరితే, క్రిముల్ని మింగే కణమైన మాక్రోఫేజ్ తనను మింగిన సంచిలోనే ఉందా, లేక కణం లోపలి ద్రవంలో (సైటోప్లాజంలో) చేరి అక్కడ పెరుగుతోందా? ఈ మూడు చిరునామాలు తెలిస్తే మిగతా పేర్లన్నీ వాటి వెనకే వస్తాయి.

బయట తిరిగేదాన్ని యాంటీబాడీ పట్టుకోగలదు. న్యూమోకాకస్, డిఫ్తీరియా టాక్సిన్ ఈ రకం. యాంటీబాడీ అంటుకుంటుంది, రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లు తోడవుతాయి, న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం వచ్చి మింగేస్తుంది. కానీ యాంటీబాడీ ఎంత గొప్పదైనా ఒక ప్రోటీనే. కణం పొర దాటి లోపల దాక్కున్న క్రిమి దగ్గరికి అది వెళ్ళలేదు. సైటోప్లాజంలో వైరస్ చేరితే ఇక ఆ కణాన్నే చంపాలి. అది సి.డి.8 టి సెల్ పని (టి సెల్ ఒక రకం తెల్ల రక్తకణం, సి.డి. నంబరు దాని పైపొర మీది గుర్తు). సంచిలో ఉండే క్రిమికి మాక్రోఫేజ్‌ను చంపక్కర్లేదు, దాన్ని ఉసిగొలిపితే చాలు. సాయపడే రకం టి సెల్ అయిన సి.డి.4 టి.హెచ్.1 సెల్ ఇంటర్‌ఫెరాన్ గామా అనే సందేశ ప్రోటీన్‌ను విడుదల చేసి ఆ పని చేస్తుంది.

ఇది నీ మనసులో నాటుకోవాలంటే కుష్ఠు చదువు. క్షయ కంటే కూడా కుష్ఠే మంచి గురువని నా నమ్మకం. క్రిమి ఒకటే, మైకోబాక్టీరియం లెప్రే. కానీ ఇద్దరు మనుషుల్లో పూర్తిగా రెండు రకాల జబ్బు చేస్తుంది: ఒకరిలో ట్యూబర్‌క్యులాయిడ్, ఇంకొకరిలో లెప్రొమాటస్.

మా ల్యాబ్‌లో స్లిట్ స్కిన్ స్మియర్లు చూసేవాళ్ళం. చెవి తమ్మెను వేళ్ళతో గట్టిగా నొక్కిపట్టి, రక్తం పోయి తెల్లబడ్డాక బ్లేడుతో చిన్న గాటు పెట్టి, బ్లేడు తిప్పి లోపల గీరితే కాస్త కణజాల రసం వస్తుంది. చెవి తమ్మే ఎందుకంటే, ఈ క్రిమికి చల్లటి చోటు కావాలి. దాన్ని స్లైడు మీద పూసి జీల్-నీల్సన్ రంగు వేసి, 5 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగి చూస్తాం. ట్యూబర్‌క్యులాయిడ్ రోగి స్లైడులో ఎంత వెతికినా ఒక్క బాసిలస్ కనిపించదు. లెప్రొమాటస్ రోగి స్లైడులో మాక్రోఫేజ్‌ల నిండా ఎర్రటి పుల్లల గుత్తులు. కళ్ళారా చూసిన విద్యార్థి ఇక మర్చిపోడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఇద్దరిలో యాంటీబాడీలు ఎవరిలో ఎక్కువ? లెప్రొమాటస్ రోగిలో! వైవాలో ఇది అడిగితే క్లాసులో సగం మంది తప్పు చెప్పేవాళ్ళు. రక్తం నిండా యాంటీబాడీలున్నా క్రిమి మాక్రోఫేజ్ లోపల క్షేమంగా ఉంది. యాంటీబాడీ అక్కడికి వెళ్ళలేదు. ట్యూబర్‌క్యులాయిడ్ రోగిలో టి.హెచ్.1 స్పందన గట్టిది, మాక్రోఫేజ్‌లు రెచ్చిపోయి గ్రాన్యులోమా (కణాలు గుమిగూడిన గడ్డ) కట్టి క్రిమిని అణిచేశాయి. చర్మంలో చంపిన కుష్ఠు క్రిముల్ని ఎక్కించి టి సెల్ స్పందన చూసే లెప్రొమిన్ పరీక్ష ఇతనిలో పాజిటివ్, లెప్రొమాటస్ రోగిలో నెగెటివ్. రిడ్లీ, జోప్లింగ్ 1966లో చేసిన కుష్ఠు వర్గీకరణ మొత్తం ఈ టి సెల్ స్పందన మెట్ల మీదే నిలబడి ఉంది.

ఇంకొక్క అడుగు వెయ్యి. క్రిమిని అణిచేశాడు కదా అని ట్యూబర్‌క్యులాయిడ్ రోగి సుఖంగా ఉన్నాడా? లేడు. క్రిమి నరంలో ఉంటుంది కాబట్టి ఆ గ్రాన్యులోమా నరంలోనే కడుతుంది. చెయ్యి తిమ్మిరెక్కేది, వేళ్ళు వంకరపోయేది చాలావరకు మన సొంత స్పందన వల్లే. లెప్రొమాటస్ రోగిలో ఆ పనికిరాని యాంటీబాడీలే యాంటిజెన్‌తో (అవి గుర్తుపట్టే క్రిమి పదార్థంతో) కలిసి ఇమ్యూన్ కాంప్లెక్సులై, జ్వరంతో, ఎర్రటి నొప్పి గడ్డలతో ఇ.ఎన్.ఎల్. (ఎరిథీమా నోడోసమ్ లెప్రోసమ్) రియాక్షన్ తెస్తాయి. రక్షణ, హాని రెండూ ఒకే స్పందన నుంచి వస్తాయన్న మాట అర్థమైతే, మన స్పందనే హాని చేసే హైపర్‌సెన్సిటివిటీ అధ్యాయం సగం చదివేసినట్టే.

ప్రోటీన్ ముక్కల్ని కణం పైన పెట్టి టి సెల్‌కు చూపించే అణువులు ఎం.హెచ్.సి. సి.డి.4, సి.డి.8లకు ఏ ఎం.హెచ్.సి. అన్నది మాత్రం సీనియర్లు చెప్పే ఎనిమిది లెక్కతో గుర్తుపెట్టుకో. క్లాస్ 1ని 8తో గుణించినా, క్లాస్ 2ని 4తో గుణించినా ఎనిమిదే. కణం లోపల తయారయ్యే ప్రోటీన్ల ముక్కలు క్లాస్ 1 మీద, బయట నుంచి మింగినవి క్లాస్ 2 మీద బయటికి కనిపిస్తాయి. చూశావా, ఇది కూడా చిరునామాయే. టి సెల్ యాంటిజెన్‌ను ఒంటరిగా చూడదు, తన సొంత ఎం.హెచ్.సి. మీద పెట్టి చూపిస్తేనే చూస్తుందని 1970లలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఎలుకల మీద తేల్చిన డోహర్టీ, జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ వచ్చింది. డోహర్టీ పశువైద్యుడు.

ప్రశ్న: శరీరం ఎప్పుడూ చూడని క్రిమికి కూడా సరిపోయే యాంటీబాడీ ఎలా తయారుచేస్తుంది? తయారుచేయగలిగినప్పుడు వారం రోజుల ఆలస్యం ఎందుకు?
*- విద్యార్థి, వరంగల్*

జవాబు: చాలామందికి తట్టని ప్రశ్న అడిగావు బాబూ. క్రిమిని చూశాక దానికి తగ్గ యాంటీబాడీ తయారవుతుందని ఒకప్పుడు పెద్ద శాస్త్రవేత్తలు కూడా అనుకున్నారు. అలా కాదు. మన ఒళ్ళు కొలతలు తీసుకుని కుట్టే దర్జీ కాదు, అన్ని సైజుల చొక్కాలూ ముందే కుట్టి పెట్టుకున్న రెడీమేడ్ కొట్టు. క్రిమి రాకముందే యాంటీబాడీలు తయారుచేసే బి సెల్స్ లెక్కలేనన్ని, ఒక్కోటి ఒక్కో ఆకారం రిసెప్టర్‌తో సిద్ధంగా ఉంటాయి. వచ్చిన క్రిమికి ఏది అతుకుతుందో ఆ సెల్ మాత్రమే విభజన చెందుతుంది. 1957లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బర్నెట్ చెప్పిన క్లోనల్ సెలక్షన్ ఇదే.

మరి మనకున్న ప్రోటీన్ జీన్లు 20 వేల ప్రాంతం. అన్ని ఆకారాలు ఎక్కడివి? యాంటీబాడీలోని పెద్ద గొలుసు, అంటే హెవీ చైన్ కోసం సుమారు 40 వి జీన్ ముక్కలు, 23 డి ముక్కలు, 6 జె ముక్కలు ఉన్నాయి. ప్రతి బి సెల్ ఒక్కో రకం నుంచి ఒక్కటి ఏరి అతికించుకుంటుంది. 40ని 23తో, దాన్ని 6తో గుణించు: 5,520. చిన్న గొలుసులైన లైట్ చైన్లలో కూడా ఇలాగే మూడు వందల పైచిలుకు వస్తాయి. రెండూ గుణిస్తే పదిహేడు లక్షలు దాటింది. అతికించే చోట టి.డి.టి. అనే ఎంజైము ఇష్టం వచ్చినట్టు డి.ఎన్.ఎ. అక్షరాలు చేరుస్తుంది కాబట్టి అసలు సంఖ్య కోట్ల కోట్లకు పోతుంది. పుట్టుకతో వచ్చిన డి.ఎన్.ఎ. జీవితాంతం మారదన్న నమ్మకాన్ని బద్దలుకొట్టిన ఈ పనికి సుసుము టొనెగావాకు 1987లో నోబెల్ ఇచ్చారు. ఆ గుణకారం ఒక్కసారి నీ చేత్తో కాగితం మీద చెయ్యి, చదివినదానికంటే బాగా అర్థమవుతుంది.

ఆలస్యం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. అన్ని ఆకారాలు ఉంచుకోవాలంటే ఒక్కో ఆకారానికి కొన్ని సెల్సే ఉంటాయి. ఒక యాంటిజెన్ ముక్కను గుర్తుపట్టే కొత్త టి సెల్ లక్షకో పది లక్షలకో ఒకటి. చర్మంలో దెబ్బ తగిలిన చోట క్రిమిని పట్టిన డెండ్రిటిక్ సెల్ లింఫ్ నోడ్‌కు ప్రయాణించాలి, అక్కడ సరైన టి సెల్ ఎదురుపడాలి, అది వేల సంఖ్యకు పెరగాలి, బి సెల్‌కు సాయం చెయ్యాలి. వారం పట్టక ఏమవుతుంది! గొంతు నొప్పి వచ్చినప్పుడు దవడ కింద తగిలే బిళ్ళ అలాంటి లింఫ్ నోడే, ఈ పని జరుగుతోందనడానికి గుర్తు.

ఆ వారం మనల్ని కాపాడేది పుట్టుకతో వచ్చిన ఇన్నేట్ ఇమ్యూనిటీ. దాన్ని విద్యార్థులు రెండో తరగతిగా చూడటం నాకు నచ్చదు. 1882లో ఇటలీలోని మెస్సీనాలో రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికోవ్ నక్షత్రచేప లార్వాలో గులాబీ ముల్లు గుచ్చి, తెల్లారి చూస్తే సంచార కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. కణాలు క్రిముల్ని మింగుతాయన్న ఫాగోసైటోసిస్ సిద్ధాంతం అక్కడ పుట్టింది. న్యూట్రోఫిల్ కౌంట్ 500 కంటే తగ్గిన కీమోథెరపీ రోగిని ఒక్కసారి వార్డులో చూస్తే, యాంటీబాడీలు మామూలుగానే ఉన్నా ఆ మనిషి ఎంత ప్రమాదంలో ఉన్నాడో తెలుస్తుంది.

ప్రశ్న: క్యాజువాలిటీలో కుక్కకాటు కేసులు వస్తుంటాయి మేడమ్. కేటగిరీ 3 అయితే టీకాతోపాటు సీరం కూడా ఇస్తున్నాం. టీకా వేశాక మళ్ళీ సీరం ఎందుకని రోగి బంధువులు అడిగితే సూటిగా ఏం చెప్పాలి?
*- హౌస్ సర్జన్, కాకినాడ*

జవాబు: "టీకా పని మొదలుపెట్టేలోపు కాపాడటానికి" అని చెప్పండి. అది పూర్తి నిజం. పైన వరంగల్ అబ్బాయికి చెప్పిన ఆలస్యమే ఇక్కడ ప్రాణం మీదికి వస్తుంది. టీకాకు సొంత యాంటీబాడీలు రావడానికి వారం, పది రోజులు పడుతుంది. సీరంలో ఉన్నవి ముందే తయారైన యాంటీబాడీలు. ఈలోగా రేబిస్ వైరస్ కండరం నుంచి నరంలోకి ఎక్కిందా, ఇక యాంటీబాడీకి అందదు. మళ్ళీ చిరునామా ప్రశ్నే.

అందుకే సీరంను గాయం లోపల, చుట్టూ ఎక్కించాలి. వైరస్ ఉన్నది అక్కడ. మనిషి సీరం అయితే కిలోకు 20 యూనిట్లు, గుర్రం సీరం అయితే 40. టీకా వేసిన చోటే సీరం వెయ్యకూడదు, టీకాలోని యాంటిజెన్‌ను అది కప్పేస్తుంది. మొదటి టీకా వేసి ఏడు రోజులు దాటితే సీరం ఇక ఇవ్వకూడదు, అప్పటికి సొంత స్పందన మొదలై ఉంటుంది, దాన్ని అణుస్తుంది. ఈ రెండు నియమాలూ ప్రోటోకాల్ షీటులో ఉన్నాయని పాటించకండి, కారణం తెలిసి పాటించండి.

ఇదివరకే పూర్తి కోర్సు వేయించుకున్న మనిషిని మళ్ళీ కుక్క కరిస్తే? 0, 3 రోజుల్లో రెండే డోసులు, సీరం అక్కర్లేదు. మెమరీ సెల్స్ ఉన్నాయి కాబట్టి వారం ఆగక్కర్లేదు. పేషెంట్‌ను "ఇంతకుముందు ఎప్పుడైనా సూదులు వేయించుకున్నారా, కార్డు ఉందా?" అని తప్పక అడగండి. ఇంకో మాట. సీరం సీసా కోసం పరుగెత్తే హడావిడిలో గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగించడం మర్చిపోవద్దు. పచ్చిమిర్చి పేస్టు, పసుపు, సున్నం పెట్టుకుని వస్తే అది కూడా పూర్తిగా కడిగెయ్యండి.

ప్రశ్న: మా పెద్దబాబుకు టైఫాయిడ్ టీకా రెండేళ్ళు నిండాకే వేస్తామన్నారు. ఇప్పుడు చిన్నపాపకు తొమ్మిది నెలలకే వేశారు. అదే జబ్బుకు ఈ తేడా ఏమిటి?
*- ఫార్మసిస్ట్, మెదక్*

జవాబు: ఈ ప్రశ్న నేను పరీక్షలో ఇచ్చి ఉంటే బాగుండేదనిపించింది. టైఫాయిడ్ బాసిలస్ ఒంటి మీద వి.ఐ. అనే చక్కెర పొర ఉంటుంది. పాత టీకాలో ఉన్నది ఆ చక్కెర ఒక్కటే. బి సెల్ దాన్ని పట్టుకుంటుంది గానీ, టి సెల్‌కు చూపించాలంటే ఎం.హెచ్.సి. మీద పెట్టాలి, ఎం.హెచ్.సి. మీద కూర్చునేది ప్రోటీన్ ముక్కలే. కాబట్టి టి సెల్ సాయం లేదు. సాయం లేకపోతే మెమరీ సరిగ్గా రాదు, బూస్టర్ వేసినా పెరగదు. రెండేళ్ళలోపు పిల్లల్లో చక్కెరకు ఒంటరిగా స్పందించే బి సెల్స్ ఇంకా పరిణతి చెందవు కాబట్టి అసలు పనే చెయ్యదు.

కొత్త టీకాలో ఆ చక్కెరను ఒక ప్రోటీన్‌కు రసాయనికంగా కట్టారు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టి.సి.వి.లో ఆ ప్రోటీన్ టెటనస్ టాక్సాయిడ్. బి సెల్ చక్కెరను గుర్తుపట్టి మొత్తం మింగుతుంది, లోపల టెటనస్ ముక్కలు చేసి క్లాస్ 2 మీద పెడుతుంది. టెటనస్‌ను గుర్తుపట్టే టి సెల్ వచ్చి ఆ బి సెల్‌కు సాయం చేస్తుంది. యాంటీబాడీ మాత్రం చక్కెరకే వస్తుంది! సాయం చేసిన టి సెల్ చూసింది ఒకటి, బి సెల్ చూసింది ఇంకొకటి. రెండూ ఒకే అణువులో కట్టి ఉండటమే కీలకం. విడివిడిగా కలిపి వేస్తే పని జరగదు.

ఆరు నెలల పిల్లల నుంచి వెయ్యగలిగిన ఈ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ 2017 డిసెంబరులో వచ్చింది. 2019లో పాకిస్తాన్ దీన్ని తన జాతీయ కార్యక్రమంలో అందరికంటే ముందు చేర్చింది. ఆ దేశంలో మందులకు లొంగని టైఫాయిడ్ అప్పుడు విజృంభిస్తోంది. మన ఊళ్ళో తయారైన సీసాలు అక్కడి పిల్లలకు చేరాయంటే నాకు నిజంగా సంతోషం. మీ పాపకు ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం వేసిన పెంటావాలెంట్‌లోని హిబ్ భాగం కూడా ఇదే పద్ధతిలో చేసిందే.

ప్రశ్న: మా తమ్ముడికి డెంగీ. జ్వరం మూడో రోజు రిపోర్టులో ఎన్.ఎస్.1 పాజిటివ్, ఐ.జి.ఎం. నెగెటివ్, ఐ.జి.జి. పాజిటివ్. ఐ.జి.ఎం. ముందు రావాలి కదా, ల్యాబ్ తప్పా?
*- విద్యార్థిని, ఏలూరు*

జవాబు: తప్పు అయ్యుండదు తల్లీ. ఎన్.ఎస్.1 వైరస్ ప్రోటీన్, జ్వరం మొదటి రోజుల్లోనే దొరుకుతుంది. ఐ.జి.ఎం., ఐ.జి.జి. రెండూ యాంటీబాడీ రకాలు. ఐ.జి.ఎం. కనబడటానికి అయిదో రోజు దాకా పట్టొచ్చు. ఐ.జి.జి. మూడో రోజుకే ఉందంటే అది పాత జ్ఞాపకం. బహుశా ఇది అతనికి రెండో డెంగీ, మొదటిది మామూలు జ్వరంలా వచ్చి పోయి ఉంటుంది.

అందుకే జాగ్రత్తగా ఉండండి. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకానికి వచ్చిన యాంటీబాడీ ఇంకో రకానికి అతుక్కుంటుంది గానీ దాన్ని పూర్తిగా ఆపలేదు. అలా అరకొరగా అతుక్కున్న వైరస్‌ను మాక్రోఫేజ్, యాంటీబాడీ తోకను పట్టుకునే తన ఎఫ్.సి. రిసెప్టర్‌తో లోపలికి తీసుకుంటుంది. ఆ వైరస్ వెళ్ళాలనుకునేది సరిగ్గా అక్కడికే. యాంటీబాడీయే దాన్ని అది కోరుకున్న చోటికి చేర్చింది. తల్లి నుంచి మాయ ద్వారా ఐ.జి.జి. అందుకున్న నెలల పిల్లల్లో మొదటి డెంగీయే తీవ్రం కావడానికి కూడా ఇదే కారణమని చెప్తారు. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకోకండి, ప్లాస్మా కారేది ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగతగా ఉండటం, చిగుళ్ళ నుంచి రక్తం, ఏది కనబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఐబ్యుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు.

ప్రశ్న: మా అబ్బాయి మెడికల్ హాస్టల్లో ఉంటాడు, తరచూ జలుబు. ఇమ్యూనిటీ పెంచే పొడులు, మాత్రలు పంపమంటారా?
*- ఒక తల్లి, విజయవాడ*

జవాబు: వద్దండీ. వేళకు భోజనం, సరిపడా నిద్ర, వేయించుకోవాల్సిన టీకాలు, అంతే. రక్తహీనతో, విటమిన్ లోపమో పరీక్షలో తేలితే దాన్ని సరిచేయాలి, అది వేరే మాట.

మీ అబ్బాయికి మాత్రం ఇది చెప్పండి. ఈ వ్యవస్థలో సగం శ్రమ పెంచడానికి కాదు, ఆపడానికి. మన సొంత కణజాలం మీదికి వెళ్ళే టి సెల్స్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటరీ టి సెల్స్ ఉన్నాయని జపాన్‌లో షిమోన్ సకాగుచి 1995లో చూపించారు. వాటిని నడిపే ఫాక్స్‌పి3 జీన్‌ను మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ గుర్తించారు. 2025 నోబెల్ ఈ ముగ్గురికీ కలిపి ఇచ్చారు. ఆ జీన్ పాడైన మగపిల్లలకు పసితనంలోనే డయాబెటిస్, ఆగని విరేచనాలు, చర్మం మీద ఎగ్జిమా. వాళ్ళలో ఇమ్యూనిటీ తక్కువై కాదు, పగ్గం లేక.

మీ వీధిలోనే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌తో వేళ్ళు బిగుసుకుపోయినవాళ్ళు ఉంటారు. వాళ్ళకు మొదట ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో నడిపించిన ఫోలిక్ యాసిడ్ పరిశోధన నుంచి వచ్చిందది. మొదట లుకేమియా పిల్లల కోసం వాడిన ఆ వర్గం మందే ఇప్పుడు చిన్న మోతాదులో కీళ్ళను కాపాడుతోంది. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర అది. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్ళున్నారు. మీ అబ్బాయి రేపు ప్రిస్క్రిప్షన్ రాసేటప్పుడు మాత్ర వేసుకోవాల్సిన రోజు పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయమనండి.

ప్రశ్న: క్షయకు చేసే మాంటూ చర్మ పరీక్ష చదవడంలో మా బ్యాచ్‌లో ఒక్కొక్కరు ఒక్కో కొలత చెప్తున్నారు. సరైన పద్ధతి ఏమిటి?
*- విద్యార్థి, తిరుపతి*

జవాబు: ఎరుపును కొలుస్తున్నారు, అందుకే. కొలవాల్సింది గట్టిదనాన్ని. ముంజేతి చర్మంలో 0.1 మి.లీ. పి.పి.డి. (క్షయ క్రిమి ప్రోటీన్లు) వేశాక 48 నుంచి 72 గంటల మధ్య చదవాలి. అలర్జీ పరీక్ష నిమిషాల్లో తేలుతుంది, ఎందుకంటే అలర్జీ తెచ్చే ఐ.జి.ఇ. యాంటీబాడీ ముందే చర్మంలోని మాస్ట్ సెల్ మీద ఉంది. ఇక్కడ టి సెల్స్ ఆ చోటికి చేరి, మాక్రోఫేజ్‌లను పిలిపించుకోవాలి, దానికి రెండు రోజులు పడుతుంది.

బాల్‌పెన్ తీసుకోండి. ఎరుపుకు బాగా బయట మొదలుపెట్టి, చర్మం మీద నెమ్మదిగా గీస్తూ లోపలికి రండి. గట్టిదనం తగిలిన చోట పెన్ను ఆగుతుంది. అక్కడ ఆపండి. రెండో వైపు నుంచి కూడా అలాగే. చేతికి అడ్డంగా ఆ రెండు గీతల చివర్ల మధ్య దూరం స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాయండి. "పాజిటివ్" అని మాత్రమే రాసి వదిలెయ్యొద్దు, అంకె రాయండి. 10 లేదా అంతకంటే ఎక్కువైతే పాజిటివ్, హెచ్.ఐ.వి. ఉన్నవారిలో 5 చాలు. అది చెప్పేది క్షయ క్రిమిని ఈ టి సెల్స్ ఇంతకుముందు చూశాయని మాత్రమే, జబ్బు ఉందని కాదు. ఒళ్ళంతా పాకి బాగా ముదిరిన మిలియరీ టి.బి.లో, ఈమధ్యే తట్టు వచ్చిపోయిన పిల్లల్లో, స్టెరాయిడ్లు వాడేవారిలో నెగెటివ్ రావచ్చు. కాబట్టి రిజిస్టరులో అంకె పక్కనే రోగి ఏం మందులు వాడుతున్నాడో కూడా రాయండి.